ఇంటూ పెట్టిన చోట నలుపు

చిరుగులమ్మ మొగుడు ఆర్టిస్టు. ఆ సంగతి ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలియదు కాబట్టి ఆయనే చెప్పుకుంటూ ఉంటాడు. పాల ప్యాకెట్లు వేసే మనిషికి చెప్పాడు, లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చినతనికి చెప్పాడు, పన్ను పీకించుకోడానికి వెళ్లి, నోట్లో దూది ఉండగానే డాక్టరుకీ చెప్పాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాత్రం ఒక ప్రింటింగ్ షాపులో కూర్చుని దుకాణాల బోర్డులకీ విజిటింగ్ కార్డులకీ అక్షరాలు అమరుస్తాడు. అదేమిటంటే తాత్కాలికం అంటాడు. పెళ్లికి ముందు నుంచీ అది తాత్కాలికమే.

ఇక ఆవిడ. ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో, కిటికీ పక్కన స్టూలు వేసుకుని, చిరిగిన బట్టకి చిరుగు కనపడకుండా కుడుతుంది. అందుకే చిరుగులమ్మ. కోటు మోచెయ్యి దగ్గర సిగరెట్టు కాలి కన్నం పడిందనుకోండి, ఆ కోటు లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి కన్నం మీద అల్లేస్తుంది. కోటు ఇచ్చినవాడు వచ్చి, కన్నం ఎక్కడుండేదో దొరక్క, అసలు చిరగనే లేదేమో అనవసరంగా ఇచ్చాను అని గొణుక్కుంటూ పోతాడు. ఆవిడ తలెత్తి కూడా చూడదు. మనుషుల మీద ఆవిడకి గౌరవం తక్కువ. ఉతకడానికి వేసే ముందు ప్రతి బట్ట జేబులూ వెతికి చూడటం కూడా ఆవిడ పనే. పొద్దస్తమానం జనం జేబుల్లో చేతులు పెట్టే మనిషికి ఆ జనం మీద గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి.

అయితే జనం అందరి మీదా ఉన్న చులకన ఒక ఎత్తు, ఇంట్లో ఉన్న ఆర్టిస్టు మీద ఉన్నది ఒక ఎత్తు.

ఆయనది ఒక కామిక్ పుస్తకం. గడియారాల ఫ్యాక్టరీలో ఒక వాచ్‌మన్ ఉంటాడు. ఒక్కో గడియారమూ ఆగిపోతూ ఉంటుంది, ఎవరు ఆపుతున్నారో పట్టుకోడానికి లాంతరు తీసుకుని తిరుగుతూ ఉంటాడు. తిరగడమే. పెళ్లైన కొత్తలో మొదలుపెట్టిన తిరుగుడు, కూతురు కాలేజీకి వెళ్లి హాస్టల్లో చేరినా ఆగలేదు. ఎందుకంటే ఆర్టిస్టు గారు పుస్తకం పూర్తి చెయ్యడు, చూపిస్తాడు. ఏటా ఎక్కడో ఒక చోట కామిక్స్ కన్వెన్షన్ అని పెద్ద హాలు అద్దెకి తీసుకుని పెడతారు. చిరుగులమ్మ దాన్ని సంత అంటుంది. అందులో పబ్లిషర్లు బల్లలు వేసుకుని కూర్చుంటారు. బొమ్మలు వేసేవాళ్లు తమ పేజీలన్నీ ఒక పెద్ద నల్ల ఫైల్లో పెట్టుకుని ఆ బల్లల ముందు వరస కడతారు. దాన్ని పోర్ట్‌ఫోలియో రివ్యూ అంటారు. అవతలి మనిషి ఫైలు తిరగేసి, ఏదో ఒకటి అని, మూసి చేతికిస్తాడు. ఆ ఒక్క ముక్క కోసం మనవాడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని, రైలెక్కి వెళ్లి, నిలబడి, విని, మళ్లీ రైలెక్కి వస్తాడు.

వాళ్లు అనే ముక్కలకైనా ఒకదానికొకటి పొంతన ఉంటుందా అంటే అదీ లేదు. ఒకడు వెనకాల వస్తువులు మరీ ఎక్కువైపోయాయి, ఊపిరాడటం లేదన్నాడు. మనవాడు ఇంటికొచ్చి గడియారాలన్నీ చెరిపేశాడు. మరుసటి సంతలో ఇంకొకడు గడియారాల ఫ్యాక్టరీ అంటారు, గడియారాలేవండీ అన్నాడు. మళ్లీ గీశాడు. ఇంకొకాయన చిప్స్ తింటూ ఫైలు తిరగేసి, ఒక పేజీ మూల నూనె మరక అంటించి, బాగుంది కానీ ఏదో లోటుంది అన్నాడు. ఆ మరకని మనవాడు తుడవలేదు. ఇంటికి వచ్చినవాళ్లకి ఫలానా పెద్దాయన వేలిముద్ర అని చూపించేవాడు. అప్పుడు చిరుగులమ్మ వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా గిన్నెలు గట్టిగా సర్దేది.

ఇంతకీ ఆవిడకి ఈ బొమ్మలతో ఏం సంబంధం అంటారా? నలుపు.

కామిక్ పేజీలో గీతలు గీసేది ఒకటి, నలుపు నింపేది ఒకటి. ఆర్టిస్టు పెన్నుతో గీతలు గీసి, ఎక్కడెక్కడ నల్లగా నిండాలో అక్కడ నీలం పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెడతాడు. తర్వాత ఇంకొకరు కుంచె తీసుకుని ఆ చోట్లు నల్ల ఇంకుతో నింపుతారు. పెద్ద పెద్ద ఆర్టిస్టులందరికీ ఇలా నింపే మనుషులు ఉంటారట. మనవాడికి మనుషుల్ని పెట్టుకునే స్తోమత లేదు, పెళ్లాం ఉంది. కాపురం పెట్టిన మొదటి నెలలోనే ఆవిణ్ణి భోజనాల బల్ల దగ్గర ఎడమపక్క కుర్చీలో కూర్చోబెట్టి, కుంచె చేతికిచ్చి, చాలా ఓపిగ్గా నేర్పాడు.

“ఇంటూ ఉన్న చోట నలుపు. లేని చోట తెలుపు. అంతకు మించి నువ్వు ఆలోచించకు.”

ఆవిడ ఆలోచించకుండానే చాలాకాలం నింపింది. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన గీస్తాడు. గీయడం అయిపోగానే, తల తిప్పకుండా, పేజీని ఎడమచేత్తో పక్కకి జరుపుతాడు. జరిపి, వేళ్లు విరుచుకుంటాడు. ఆవిడ అందుకుని నింపుతుంది. నింపిన పేజీ ఆరాక ఫైల్లో పెట్టేదీ ఆవిడే, కుంచె కడిగేదీ ఆవిడే, ఇంకు సీసా మూత బిగించేదీ ఆవిడే. ఆయన అప్పటికి కునుకు తీస్తూ ఉంటాడు.

అలా సాగిపోవలసిందే కానీ, చేతులు అడ్డం వచ్చాయి. ఆర్టిస్టు గారికి చేతులు గీయడం రాదు. ముఖాలు ఫరవాలేదు, లాంతరు బాగా గీస్తాడు, మెట్లు చక్కగా గీస్తాడు. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి బెండకాయలు కట్టగట్టినట్టు ఉంటుంది. బొటనవేలు ఎటువైపు ఉండాలో ఆయనకే అనుమానం. మొదట్లో సంతకి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు చేతుల మీద కాస్త సాధన చెయ్యండి అనేవారు. ఆయన ఇంటికొచ్చి, వేళ్లు లెక్కపెట్టేవాళ్లకి కళేం తెలుస్తుంది అని పెదవి విరిచేవాడు. సాధన మాత్రం చేసేవాడు కాదు. మళ్లీ అవే బెండకాయలు.

ఒక ఆదివారం ఆవిడ ముందుకి ఒక పేజీ జరిగింది. వాచ్‌మన్ తలుపు గొళ్లెం తీస్తున్నాడు. గొళ్లెం మీద ఆ చెయ్యి. ఆవిడకి ఒళ్లు మండింది. వారమంతా చిరుగులు పూడ్చి పూడ్చి వచ్చిన కళ్లు అవి, అంత పెద్ద కంతని చూస్తూ కూర్చోవడం వాటివల్ల కాలేదు. ఇంటూ గుర్తు చొక్కా మీద ఉంది. ఆవిడ చొక్కా నింపింది, నింపుతూ నింపుతూ ఆ నలుపుని ముంజేతి మీదుగా కిందికి లాగి, చేతిని మొత్తం నీడలో కలిపేసింది. గొళ్లెం మీద ఒక్క వేలి అంచు మాత్రం తెల్లగా వదిలింది. ఇప్పుడు చూస్తే చెయ్యి లేదు, కానీ చెయ్యి ఉందని తెలుస్తోంది. ఆ తలుపు వెనక ఎవరో ఉన్నారని కూడా అనిపిస్తోంది.

ఆయన కునుకు లేచి వచ్చి పేజీ చూశాడు. చాలాసేపు చూశాడు. ఆవిడ తిట్లకి సిద్ధపడి కూర్చుంది.

“ఇవాళ నా చెయ్యి తిరిగిందోయ్,” అన్నాడు.

అదండీ సంగతి. మనిషికి తాను గీసినదేదో, గీయనిదేదో కూడా తెలియదు. ఆవిడకి నవ్వొచ్చింది, ఆ తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. అప్పటినుంచి చెయ్యి కనపడితే చాలు, పాత పేజీల్లో కూడా, నీడ లాగేది. కోటు మడతల్లో దాచింది, తలుపు వెనక దాచింది, లాంతరు వెలుగు తగలని పక్కకి తోసింది. ప్రేమతో కాదు. అలా వదిలెయ్యడం సిగ్గుగా ఉండి.

సంతలో మాట మారిపోయింది. చేతుల గొడవ ఎవరూ ఎత్తడం మానేశారు. నీడలు బాగున్నాయి అన్నారు ఒకరు. మీ నలుపులో భయం ఉందండీ అన్నారు ఇంకొకరు. ఆర్టిస్టు గారు ఏనుగెక్కి ఊరేగినట్టు ఇంటికి వచ్చేవాడు. నా నలుపు, నా నీడ, నా పద్ధతి. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ కూడా నీడ గురించే మాట్లాడేవాడు.

ఒకసారి ఆయన అక్కా బావా భోజనానికి వచ్చారు. అన్నం తింటూ ఆర్టిస్టు గారు కోతలు మొదలుపెట్టాడు. ఈసారి సంతలో ఒక పెద్దమనిషి ఫైలంతా చూసి, ఈ నలుపు ఎవరు వేస్తారండీ అని అడిగాడట. నేనే అన్నానక్కా, వాడు నోరు తెరుచుకుని ఉండిపోయాడు అని చెప్పాడు. ఆ చెప్తున్న సమయానికి చిరుగులమ్మ కుడిచేతి గోళ్ల చుట్టూ నల్ల ఇంకు ఇంకా పోలేదు. ఆ చేత్తోనే వాళ్లకి అన్నం వడ్డిస్తోంది. ఆడపడుచు ఆ గోళ్ల వంక చూసింది, తమ్ముడి వంక చూసింది, కూర బాగుందమ్మా అంది.

ఆ రోజు పడింది ఆవిడ మనసులో ఒక కోరిక. ఆవిడకి పేరక్కర్లేదు, పుస్తకం మీద అచ్చక్కర్లేదు. ఆ సంతలో, మాటకి విలువున్న ఒక మనిషి ముందు, ఆయన నోటితో ఆయనే ‘నలుపు మా ఆవిడ వేసింది’ అనాలి. అంతే. ఒక్కసారి అంటే చాలు. ఆ తర్వాత ఆయన మళ్లీ కోతలు కోసుకున్నా ఫరవాలేదు.

షాపులో ఇస్త్రీ చేసే పెద్దాయనకి ఈ మాట చెప్పింది. ఆవిడ బాబాయ్ అని పిలిచేది ఆయన్నొక్కణ్ణే. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. “ఆ నాలుగు ముక్కల కోసం పని మానుకుని పోతావుటే? ఇంట్లోనే అనిపించుకోరాదూ?” అన్నాడు. ఇంట్లో అంటే ఎవరు వింటారు బాబాయ్ అంది ఆవిడ. ఆయన మళ్లీ ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు.

ఈసారి సంతకి నేనూ వస్తానంటే ఆర్టిస్టు గారు మొదట ముఖం మాడ్చుకున్నాడు. అక్కడ నీకేం తెలుస్తుంది, జనం తొక్కిపారేస్తారు అన్నాడు. తర్వాత ఆలోచించుకున్నాడు. ఈసారి ఒక పెద్ద పబ్లిషింగ్ కంపెనీ కొత్త సీరీస్ కోసం ఆర్టిస్టుని వెతుకుతోంది. నచ్చినవాళ్లని అక్కడికక్కడే ఒక పేజీ వెయ్యమంటారట. సామాను పట్టుకుని వెళ్లాలి. ఇంకు సీసా తన బ్యాగులో ఒలికితే ఇస్త్రీ చొక్కా పాడవుతుంది. సరే రా, ఇంకు నీ సంచిలో పెట్టుకో అన్నాడు.

హాలు నిండా జనం. చిరుగులమ్మ చూసీ చూడగానే ఆ జనాన్ని లెక్కలోంచి తీసేసింది. ఒకడు అట్టపెట్టెలకి వెండిరంగు పూసి ఒంటికి కట్టుకున్నాడు, కూర్చోడానికి రాక గోడకి జారబడి నిలబడ్డాడు. ఒకమ్మాయి వీపున ఇంతింత రెక్కలు పెట్టుకుని, వెనకవాళ్ల ముఖాలకి తగిలిస్తూ, తాను మాత్రం దేవకన్యలా నడుస్తోంది. ఆ రెక్కలకి కుట్లు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో చిరుగులమ్మ కళ్లకి ఇట్టే కనపడింది. అందరి మెళ్లోనూ పట్టీలు, పట్టీలకి కార్డులు. కార్డు రంగుని బట్టి మనిషి రంగు. పచ్చ కార్డువాళ్లు ఎర్ర కార్డువాళ్లని చూసి నవ్వాలంటే భయపడుతున్నారు, ఎర్ర కార్డువాళ్లు ఎవర్నీ చూడటం లేదు.

రివ్యూ వరసలో నిలబడ్డవాళ్లందరూ నల్ల ఫైళ్లు గుండెకి హత్తుకుని, పక్కవాడి ఫైలు వంక ఓరగా చూస్తున్నారు. ముందున్న కుర్రకారుని చూసి ఆర్టిస్టు గారు పెళ్లాం చెవిలో, వీళ్లంతా కంప్యూటర్ మీద గీసే బాపతు, ఇంకు వాసన తెలీదు అన్నాడు. ఇంకు వాసన ఆయనకి మాత్రం ఎక్కడ తెలుసు, మూత తీసేది ఎవరు అనుకుంది ఆవిడ. పైకి మాత్రం ఊఁ అంది.

ఆ కంపెనీ బల్ల వెనక కూర్చున్నది ఒక నడివయసు ఎడిటరమ్మ. పొట్టి జుట్టు, దారానికి వేలాడే కళ్లజోడు, ముందు మూడు రకాల నీళ్ల సీసాలు. మాటలున్న బుడగల్ని అరచేత్తో మూసేసి, బొమ్మల్ని మాత్రం చూస్తోంది. కథ బొమ్మల్లోంచే తెలియాలట. ముందువాళ్లని ఒక్కొక్కళ్లనీ టకటకా పంపించేస్తోంది. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంటూ పోయింది. ఎడిటరమ్మ ఆ కన్నీళ్లు చూడనట్టే నీళ్లు తాగింది. ఈవిడా అందరిలాంటిదే అని చిరుగులమ్మ తేల్చేసింది. అయినా మాటకి విలువున్న మనిషి. కావలసింది అదే.

మనవాళ్ల వంతు వచ్చింది. ఆర్టిస్టు గారు వంగి వంగి నమస్కారం పెట్టి ఫైలు ఇచ్చాడు. ఎడిటరమ్మ తిరగెయ్యడం మొదలుపెట్టింది. మొదటి పేజీలు టకటకా తిప్పింది. తర్వాత నిదానించింది. గొళ్లెం పేజీ దగ్గర ఆగింది. కళ్లజోడు పెట్టుకుంది. మళ్లీ మొదటికి వెళ్లింది. చిరుగులమ్మ గుండె దడదడలాడటం మొదలుపెట్టింది. ఆ మనిషిని పూచికపుల్లకింద జమకట్టి కూడా, ఎందుకే అలా కొట్టుకుంటావ్ అని ఆ గుండెనే తిట్టుకుంది.

“ఇన్ని పేజీల్లో ఒక్క చెయ్యి కూడా పూర్తిగా కనపడదు,” అంది ఎడిటరమ్మ. “కావాలనే చేశారా?”

“కావాలనేనండీ,” అన్నాడు ఆర్టిస్టు, ఒక్క క్షణం తడుముకోకుండా. “చెయ్యి కనపడకపోతేనే భయం. అది నా పద్ధతి.”

“చాలా బాగుంది. ఈ నలుపు ఎవరు వేస్తారు?”

చిరుగులమ్మ సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది. ఆయన పక్కనే ఉంది, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర.

“నేనేనండీ,” అన్నాడు.

అన్నేళ్లు కాపురం చేసి కూడా ఈ మనిషి ఇంకోలా అంటాడని అనుకున్నందుకు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇస్త్రీ బాబాయ్ నవ్వింది ఇందుకే. సరే, అయిపోయింది, ఇంటికి పోదాం అనుకుంటుండగా ఎడిటరమ్మ ఒక కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. పక్క బల్ల దగ్గర కూర్చుని ఈ పేజీ వెయ్యండి, వాచ్‌మన్ ఒక ముసలామెకి తాళంచెవి ఇస్తాడు, గీతలూ నలుపూ అన్నీ మీ పద్ధతిలోనే కావాలి అంది. ఇది బాగా వస్తే సీరీస్ గురించి మాట్లాడదాం అని కూడా అంది. ఆర్టిస్టు గారికి నేల మీద కాలు ఆనలేదు.

పక్క బల్ల దగ్గర రెండు కుర్చీలు. ఆయన కుడివైపుది లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ నిలబడి నిలబడి కాళ్లు లాగి, ఎడమవైపుది లాక్కుని కూర్చుంది. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆయన గీశాడు. నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ, జనం వచ్చి వెనక నిలబడి చూస్తుంటే ఇంకాస్త భుజాలు ఎగరేస్తూ గీశాడు. వాచ్‌మన్ వచ్చాడు, లాంతరు వచ్చింది, ముసలామె వచ్చింది, తాళంచెవి వచ్చింది. తాళంచెవి చుట్టూ రెండు కట్టల బెండకాయలు వచ్చాయి. నీలం పెన్సిల్ తీసి గబగబా ఇంటూలు పెట్టాడు. వాచ్‌మన్ కోటు మీద ఒకటి, తలుపు సందులో ఒకటి, ముసలామె జుట్టులో ఒకటి.

పెట్టి, తల తిప్పకుండా, పేజీని ఎడమచేత్తో పక్కకి జరిపాడు. జరిపి, వేళ్లు విరుచుకున్నాడు.

పేజీ చిరుగులమ్మ ముందుకి వచ్చి ఆగింది. ఆవిడ ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో అయితే ఈపాటికి కుంచె తడిసేది. ఎడిటరమ్మ ఇంకొకరి ఫైలు చూస్తున్నదల్లా తలెత్తి ఇటు చూసింది. లేచి వచ్చింది.

అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందండీ అన్నాడు ఆర్టిస్టు. ఈ గుర్తులేమిటి అంది. నలుపు పడాల్సిన చోట్లండీ అన్నాడు. మరి వెయ్యండి అంది. ఆయన బల్ల మీద అటూ ఇటూ చూశాడు. కుంచె లేదు, ఇంకు లేదు. రెండూ పెళ్లాం సంచిలో ఉన్నాయి. అప్పుడు తెలిసింది ఆయనకి తానేం చేశాడో. ముఖం చూడాలి ఆ మనిషిది. చుట్టూ మూగినవాళ్లలో వెండిరంగు అట్టపెట్టెలవాడు కూడా ఉన్నాడు, కిసుక్కున నవ్వాడు.

“అదీ... నలుపు మా ఆవిడ వేస్తుందండీ,” అన్నాడు.

వచ్చాయి. ఆ నాలుగు ముక్కలూ వచ్చాయి. ఆ హాల్లో, ఆ మనిషి ముందు, ఆయన నోట్లోంచే వచ్చాయి. చిరుగులమ్మకి కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. ఇన్నేళ్ల కసీ ఆ ఒక్క మాటకి కరిగిపోయేలా ఉంది, అంత చవగ్గా కరిగిపోతున్నందుకు సిగ్గుగానూ ఉంది. సంచిలో చెయ్యి పెట్టి ఇంకు సీసా పట్టుకుంది. ఈ చేతుల్ని కూడా కప్పుతాను, పోనీ, ఈ ఒక్కసారి ఇష్టంగానే కప్పుతాను అనుకుంది.

“ఇందాక మీరే వేస్తానన్నారు?” అంది ఎడిటరమ్మ.

“నేను వేసినట్టేగా అండీ,” అన్నాడాయన, ఊపిరి తిప్పుకుని, నవ్వు కూడా తెచ్చుకుని. “గుర్తు నాదే కదా. నేను ఇంటూ పెట్టిన చోట నింపుతుంది, అంతే. గోడకి సున్నం కొట్టడం లాంటిది. బుర్రతో పనేం లేదు.”

ఎడిటరమ్మ చిరుగులమ్మ వైపు తిరిగి, వేస్తారా అని అడిగింది.

“వేస్తానండీ,” అంది ఆవిడ.

మూత తీసింది. కుంచె ముంచి, సీసా అంచుకి రాసి, కొసని పెదవితో సన్నం చేసుకుంది. వాచ్‌మన్ కోటు నింపింది. గీత దాటలేదు. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి కుంచె దానంతటదే కిందికి జారబోయింది. ఏళ్ల అలవాటు మరి. రెండంటే రెండు విసుర్లు చాలు, బెండకాయలు నీడలో పడిపోతాయి, తాళంచెవి ఒక్కటే తళుక్కుమంటుంది, సీరీస్ ఇంటికొస్తుంది, ఆర్టిస్టు గారు ప్రింటింగ్ షాపు మానేస్తాడు. అంతా ఆ రెండు విసుర్లలో ఉంది. ఆవిడ కుంచె పైకెత్తింది. ముసలామె జుట్టు దగ్గరికి వెళ్లి అది నింపింది. తలుపు సందు నింపింది. ఇంటూ ఉన్న చోట నలుపు. లేని చోట తెలుపు. అంతకు మించి ఆలోచించలేదు. ఎక్కడా ఒక చుక్క ఎక్కువ పడలేదు, ఒక చుక్క తక్కువ పడలేదు. ఆవిడ జన్మలో అంత నీటుగా ఎప్పుడూ నింపలేదు.

పేజీ తిప్పి ఎడిటరమ్మ ముందుకి జరిపింది.

తెల్లటి కాగితం నడిమధ్య ఆ రెండు చేతులూ పట్టపగల్లాగా కనపడుతున్నాయి. వాచ్‌మన్‌కి వేళ్లు ఎక్కువైనట్టున్నాయి, ముసలామె బొటనవేలు తప్పుడు వైపు ఉంది. ఎడిటరమ్మ పేజీ వంక చూసింది, ఫైలు తెప్పించుకుని గొళ్లెం పేజీ తీసి పక్కన పెట్టి చూసింది. అలా అటూ ఇటూ చూసి, కళ్లజోడు తీసేసి చిరుగులమ్మ ముఖంలోకి చూసింది.

“ఈ పాత పేజీలు కూడా ఇలాగే నింపారా? గుర్తు ఉన్న చోటే?”

“ఆయన చెప్పారు కదండీ,” అంది చిరుగులమ్మ.

ఆర్టిస్టు గారు అవునవును అని తలూపాడు. ఎడిటరమ్మ ఆయనతో, చేతుల మీద కాస్త సాధన చెయ్యండి అంది. మొట్టమొదటి సంతలో విన్న మాటే, అక్షరం తేడా లేదు. తర్వాత తన విజిటింగ్ కార్డు ఒకటి తీసి, బల్ల మీద చిరుగులమ్మ వైపు జరిపి, తన కుర్చీలోకి వెళ్లిపోయింది. ఆ కార్డు ఇంకా బల్ల మీద కదులుతూ ఉండగానే ఆర్టిస్టు గారు చటుక్కున అందుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రేపు ఆ చొక్కా ఉతుక్కి ఎవరి చేతికి వస్తుందో చిరుగులమ్మకి తెలుసు.

తిరుగు రైల్లో ఆయనకి కిటికీ పక్క సీటు. చాలాసేపు బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడైనా తెలుసుకుంటాడేమోనని ఆవిడ ఓరగా చూస్తూనే ఉంది. ఆశ ఉండి కాదు, ఎంత మొద్దు అయితే మాత్రం మరీ ఇంతా అని చూద్దామని. ఆయన జేబులో కార్డు తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. కార్డిచ్చింది కాబట్టి దారి మూసుకుపోలేదు అన్నాడు. జనంలో కూర్చోబెట్టి గీయమంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది అన్నాడు. ఆ తర్వాత పెద్దమనసు చేసుకుని ఆవిడ భుజం తట్టాడు.

“నిన్ను అని ఏం లాభంలే. ఇవాళ నలుపు ఎందుకో నీకు సరిగ్గా కుదరలేదు. ఆదివారం అదే పేజీ మళ్లీ గీసిస్తాను, మళ్లీ నింపుదువుగాని.”

చిరుగులమ్మ సంచిలో ఇంకు సీసా మూత బిగింపుగా ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంది.

“ఇవ్వండి,” అంది. “గుర్తులు మాత్రం జాగ్రత్తగా పెట్టండి. ఇక నుంచి పెట్టిన చోటే వేస్తాను.”